అంకె నుండి పేరునకు: ఒక విద్యార్థిని కూర్చిన చిత్రమాలిక



విడిపువ్వులు ఎంత సుందరములైనను దారము లేనిదే మాల కానేరవు. ఛాయాచిత్రములును అట్టివే. పండుగనాడు పదిమందిమి పది ఫోటోలు తీసికొందుము. అవి చేతి టెలిఫోనులలో నిండి, కొంతకాలమునకు మరుగున పడును. ఒక్క భావమును దారముగా గ్రహించి, దానికి తగిన చిత్రములను మాత్రమే ఏరి, వరుసగా కూర్చినప్పుడు అవి చిత్రమాలిక యగును. ఛాయాచిత్రకళ నభ్యసించు విద్యార్థులకు ఇట్టి మాలికను కూర్చుట ఒక పరీక్ష. చిన్ననాటినుండి మన ఆలయమునకు వచ్చుచున్న ఒక అమ్మాయి ఈ సంవత్సరము ఆ పరీక్షకు మన పెద్దలనే విషయముగా ఎన్నుకొన్నది. ఆమె పని యెట్లు సాగినదో, అందువలన మనము గ్రహింపవలసినది యేమో ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

చిత్రముల వరుసను చూచి మనుష్యులను గుర్తించుట మనకు క్రొత్త కాదు. భాగవతము దశమస్కంధములోని ఉషాపరిణయ కథ మనకందరకు తెలిసినదే. బాణాసురుని కూతురు ఉష కలలో ఒక రాకుమారుని చూచి, అతడెవరో తెలియక దుఃఖించుచుండగా, చెలికత్తె చిత్రలేఖ ఒకరి వెంట ఒకరి రూపమును వ్రాసి చూపెను. అనిరుద్ధుని చిత్రము కంటబడగానే ఉష గుర్తించెను. భవభూతి రచించిన ఉత్తరరామచరితము మొదటి అంకమున లక్ష్మణుడు సీతారాములకు వారి జీవితఘట్టముల చిత్రములను వరుసగా చూపును. గడచిపోయిన కష్టములే యైనను, చిత్రమున చూడగానే సీతాదేవి మనస్సు కలతనొందును. చిత్రము ఆనవాలు పట్టించును. మరచిన బాధను మేల్కొల్పును. మన పూర్వుల తొలి చిత్రములయందు ఈ రెండు గుణములును కలవు.

మన పూర్వుల తొలి చిత్రములు

1834 నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ రేవు చేరెను. అది మొదలు 1920 వరకు నాలుగున్నర లక్షలకు పైగా జనులు ఒప్పందకూలీలుగా ఈ ద్వీపమున అడుగిడిరి. గోదావరి ముఖమున నున్న కొరింగ రేవు పేరునుబట్టి తెలుగువారికి ఇచ్చట కొరింగీలను పేరు వచ్చెను. వారు ఓడ దిగి ఎక్కిన మెట్లు నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర నిలిచియున్నవి. 2006లో ఆ స్థలము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

ఛాయాచిత్రకళ 1839లో పారిస్ నగరమున లోకమునకు ప్రకటింపబడెను. ముప్పది సంవత్సరములు తిరుగకముందే అది మన పూర్వుల దరికి చేరెను. కాని అది ప్రేమతో రాలేదు. ధనికులు తమ బిడ్డల ముచ్చట కొరకు చిత్రములు తీయించుకొనుచున్న కాలమున, మనవారి చిత్రములు పట్టిక కొరకు తీయబడెను. ఒప్పందకాలము ముగించిన పాత కూలీలు తమ ఫోటో అంటించిన చీటీని వెంట నుంచుకొనవలెనని 1867 నాటి శాసనము విధించెను. చీటీ చూపలేనివారిని దేశదిమ్మరులని పట్టుకొనుటయు, చెరసాలకు పంపుటయు జరిగెను. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను దొర సాయమున 9,401 మంది పాత కూలీలు గవర్నరునకు సమర్పించిన అర్జీలో ఈ చీటీల బాధయు చేరియున్నది. అటుపిమ్మట 1872లో రాజవిచారణ సంఘము వచ్చెను. దాని నివేదిక 1875లో వెలువడెను.

ఆ చిత్రములు గల దస్తరములు నేడు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రపరుపబడియున్నవి. తమ వంశమూలము నెరుగగోరువారు అచ్చటికి పోయి వెదకుదురు. ఆ పుటలలో ముఖములు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్క ముఖమునకు ఒక్కొక్క అంకె. ఎవరును నవ్వరు. కూర్చుండు తీరు గాని, కట్టుకొను బట్ట గాని వారు కోరుకొన్నవి కావు. అయినను ముత్తాత ముఖమును చూడగోరు మనుమనికి పెక్కు సందర్భములలో దక్కునది ఆ ఒక్క చిత్రమే. కావలి కాయుటకు తీసిన బొమ్మయే కాలక్రమమున మనకు దర్శనమైనది. ఇది మన చరిత్రలోని వింత. మన దుఃఖమును ఇదియే.

దారము దొరకిన విధము

మన విద్యార్థిని మొదట ద్వీపమందలి భారతీయ సంస్కృతియను విషయమును తీసికొన్నది. గుడిగోపురములు, సముద్రతీరము, చెరకుతోటలు, పాడుపడిన చక్కెర కర్మాగారముల పొగగొట్టములు అన్నియు చిత్రించినది. ఉపాధ్యాయుడు వానిని చూచి, చిత్రములు బాగున్నవి గాని వీనిలో దారమేదియని ప్రశ్నించెనట. కొన్ని వారములకు ఆమె తన కుటుంబమువారితో మోకాకు పోయి, పైన చెప్పిన దస్తరములను చూచినది. అచ్చట ఆమెకు దారము దొరకినది. అంకెతో మొదలైన మన చిత్రచరిత్రను పేరుతో కొనసాగింపవలెనని తలచి, డెబ్బదియైదేండ్లు దాటిన పెద్దలను మాత్రమే చిత్రింప నిశ్చయించుకొన్నది.

అందులకు నాలుగు నియమములు పెట్టుకొన్నది. మొదటిది, ముందుగా ఇంటికి పోయి, కెమెరా తీయక, కూర్చుండి మాటలాడి అనుమతి కోరుట. రెండవది, చోటును, బట్టను, చేత పట్టుకొను వస్తువును ఆ పెద్దలే ఎంచుకొనుట. మూడవది, చిత్రము క్రింద వారి పేరు వారి చేతివ్రాతలోనే యుండుట. తెలుగు వచ్చినవారు తెలుగున, రానివారు తమకు వచ్చిన లిపిలో వ్రాయుట. నాలుగవది, అచ్చువేసిన మొదటి ప్రతి వారికే ఇచ్చుట. తరువాతనే పరీక్షకులకు చూపుట.

చిత్రించు పద్ధతి మాత్రము అందరియెడ ఒక్కటియే. ఉదయము వసారా నీడలో, కెమెరా కూర్చున్నవారి కన్నుల ఎత్తున, ఒకే దూరమున నుండును. ఈ పద్ధతికి పెద్దల దారి కలదు. జర్మనీ దేశమున ఆగస్ట్ సాండర్ అను ఛాయాచిత్రకారుడు రైతులు, పనివారు, వ్యాపారులు, విద్యార్థులు మొదలగు అన్ని వృత్తులవారిని ఓపికతో చిత్రించి, 1929లో 60 చిత్రములతో ఒక గ్రంథమును వెలువరించెను. ప్రతి మనుష్యునియందును గౌరవము చూపు ఆ గ్రంథము నాజీ ప్రభుత్వమునకు రుచింపలేదు. 1936లో దాని అచ్చుపలకలను ధ్వంసము చేయించిరి. ఆ దేశమందే బెర్న్ట్ బెకర్, హిల్లా బెకర్ అను దంపతులు 1959 మొదలుకొని నీటిగోపురములను, కొలిమిగోపురములను ఒకే తీరున, మబ్బు పట్టిన వెలుతురున చిత్రించి వరుసలుగా నిలిపిరి. చట్రము ఒక్కటియైనప్పుడు చూచువాని దృష్టి భేదముల మీదికి పోవును. ఇదియే ఈ పద్ధతిలోని మర్మము.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. చీటీల ఫోటోలు తీసినవారును అందరిని ఒకే తీరున కూర్చుండబెట్టిరి కదా, భేదమేమి? భేదము పద్ధతిలో లేదు, అనుమతిలో నున్నది. అడుగక తీసినప్పుడు ఒకే తీరు మనుష్యులను మందగా చూపును. అడిగి తీసినప్పుడు అదే తీరు ఒక్కొక్కరి ప్రత్యేకతను వెల్లడించును.

పెద్దలు ఎంచుకొన్న వస్తువులు మనలను ఆలోచింపజేయును. ఒక తాతగారు చెరకు నరకు కత్తిని పట్టుకొనిరి. ఒక అవ్వ పూజగదిలోని ఇత్తడి దీపపు సెమ్మెను ఒడిలో నుంచుకొనిరి. భజనలు పాడు పెద్దమనిషి తాళములను ఎంచుకొనిరి. బడిలో తెలుగు చెప్పిన పంతులుగారు అట్ట చినిగిన పెద్దబాలశిక్షను తెచ్చుకొనిరి. పందొమ్మిదవ శతాబ్దమున రెండువందలకు పైగా కర్మాగారములున్న ఈ ద్వీపమున నేడు చక్కెర తీయునవి మూడు మాత్రమే. ఆ కత్తి యెట్లు పట్టవలెనో తెలిసిన చేతులు తగ్గిపోవుచున్నవి. ఆ చేతులను చూపుటకు చిత్రముకన్న మంచి సాధనము లేదు.

దీపపు వెలుతురున

మాలికలో కొన్ని చిత్రములు రామభజనము రాత్రివేళ తీసినవి. భజన మధ్యమున దీపముండును. దాని చుట్టును పాడుచు తిరుగుదుము. అచ్చట మెరుపుదీపము వేసినచో భక్తుల ఏకాగ్రత చెడును. దీపపు కాంతియు చచ్చిపోవును. అందుచే ఆమె కటకపు ద్వారమును విశాలముగా తెరచి, కెమెరా గ్రాహ్యతను 1600 వరకు పెంచి, సెకనులో ముప్పదవ వంతు కాలము తెరచియుంచినది. నిలిచి పాడువారి ముఖములు స్పష్టముగా నిలిచెను; ఆడువారి పాదములు పొగవలె చెదరెను. అట్టి చెదరుపాటు తప్పు కాదు. భజన యొక్క వేగమును అదియే చూపుచున్నది. గర్భగుడిలోని మూలమూర్తిని చిత్రింపరాదని అర్చకులు చెప్పగా ఆమె వెంటనే అంగీకరించినది. హారతివేళ కెమెరాను సంచిలో నుంచి, చేతులు జోడించి నిలిచినది.

తీసిన చిత్రములు కొన్ని వందలు. మాలికలో నిలిచినవి 24. ఏరుటయే కష్టమైన పని యని ఆమె చెప్పుచున్నది. సుందరమైనను దారమునకు ఒదుగని చిత్రమును తీసివేయవలెను. ఆమెకు మిక్కిలి ప్రియమైన పొగగొట్టపు చిత్రము ఇట్లే తొలగిపోయినది.

వద్దనిన అవ్వ

అందరును సమ్మతింపలేదు. ఫోటో తీసిన ఆయువు తగ్గునని కొందరు వెనుకటి పెద్దలవలె భయపడిరి. ముఖములు టెలిఫోనులలో పడి ఎక్కడెక్కడికో పోవునని కొందరు శంకించిరి. ఈ రెండవ శంక నేటి కాలమున తీసివేయదగినది కాదు. ఒక అవ్వ మాత్రము కారణము వేరుగా చెప్పిరి. తమ తాతను అడుగకయే బొమ్మ తీసిరనియు, తమ్ము అడిగినందుకు సంతోషమేయనియు, అడిగినారు గనుకనే వద్దని చెప్పగలుగుచున్నామనియు వారి మాటల సారాంశము. అమ్మాయి బ్రతిమాలలేదు. అవ్వా, మీ ఇష్టమే నా ఇష్టమని చెప్పి పాదములకు నమస్కరించి వచ్చినది. కొన్నాళ్లకు ఆ అవ్వయే కబురంపి, బొమ్మ లేకుండ తమ పేరు మాత్రము వ్రాసి ఇచ్చిరి. మాలికలో ఆ చట్రము ఖాళీగా నున్నది. క్రింద వణకు చేతితో వ్రాసిన తెలుగు అక్షరములు కలవు. చూచినవారు ఎక్కువసేపు నిలుచుచున్నది అచ్చటనే.

మరియొక సంగతి. చిత్రము తీయించుకొన్న ఒక తాతగారు తమ ప్రతి చేతికందిన కొలది వారములకే కాలధర్మము నొందిరి. దినకర్మలనాడు దీపము వద్ద పెట్టుటకు కుటుంబమువారికి దొరకినవి రెండే చిత్రములు. ఒకటి గుర్తింపుకార్డు మీదిది. దాని ప్రక్కనే అంకె. రెండవది వసారాలో కూర్చుండి, తాళములు పట్టుకొని, చిరునవ్వుతో నున్నది. దాని క్రింద వారి పేరు. వారు ఏది పెట్టిరో చెప్పనక్కరలేదు.

మనము చేయదగినది

ఈ ద్వీపమున చిత్రములకు శత్రువులు పెక్కు. 1960లో కారోల్, 1975లో జెర్వేజ్ తుపానులు ఇండ్లను కూల్చినప్పుడు పెట్టెలలోని కాగితములు ఏమి మిగులును? తేమ, చెదలు నిత్యమును తినుచునే యుండును. అన్నిటికన్న మించిన శత్రువు పేరు లేకపోవుట. పేరు తెలియని ముఖము రెండు తరములలో పరాయి ముఖమగును. అప్పుడు దస్తరములోని అంకెపాటి ఆనవాలైనను మిగులదు.

కావున ప్రతి కుటుంబమువారును ఇంటనున్న పాత చిత్రములను వెలికి తీసి, పెద్దలు జీవించియుండగనే ఒక్కొక్కరి పేరు, బంధుత్వము, ఊరు, సంవత్సరము అడిగి, చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయవలెను. సిరా కాలక్రమమున కాగితమును చొచ్చి ముందువైపునకు దిగవచ్చును. ప్రతి చిత్రమునకు ప్రతిని తీయించి, వేరొక ఇంట ఉంచవలెను. ఒక ఇల్లు తడిసినను ఇంకొకటి నిలుచును. క్రొత్త చిత్రము తీయునప్పుడు ఎదుటివారిని అడుగవలెను. వద్దన్నచో మానవలెను.

ఈ చిత్రమాలిక నవంబరు 2వ తేదీన, మన పూర్వుల రాకను స్మరించు సెలవుదినమున, ఆలయ మండపమున ప్రదర్శింపబడును. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని రావలెను. ఆ పిల్లలు ఒక్కొక్క చిత్రము క్రింది పేరును పైకి చదువవలెను. అంకెతో పిలువబడిన వంశము పేరుతో పిలువబడుట వినుట మన పూర్వులకు చేయు తర్పణమువంటిది.

శ్రీ సీతారామచంద్రస్వామి మన పెద్దలకు ఆయురారోగ్యములను, మన పిల్లలకు వినయముతో కూడిన విద్యను ప్రసాదించుగాక.

శుభమస్తు.