సుబ్బారావు గారి బూజు

మీకు తెలుసా? భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు ఒక బూజుకు ఉంది. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త దానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో కనిపించే రకం అది. సుబ్బారావు గారు 1948లోనే పోయారు కనుక ఆ గౌరవం ఆయనకు తెలియదు.

ఆయన బృందం లెడర్లే లేబొరేటరీలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ మొదట్లో లుకేమియా మందు. ఇప్పుడు మూలకణ మార్పిడిలోనూ వాడతారు. దాత కణాలు రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద తిరగబడకుండా చిన్న మోతాదుల్లో ఇస్తారు. చిక్కల్లా ఏమిటంటే, దాత కణాలను అణిచేకొద్దీ బూజులకు దారి సులువవుతుంది. అందులో పెద్ద పాత్ర మాత్రం ఆ తిరుగుబాటును అణచడానికి ఇచ్చే స్టెరాయిడ్లదే. అంతకుముందే కీమోతో పాత ఎముకమజ్జ మాడిపోయి, కొత్తది మొలకెత్తే దాకా కొన్ని వారాలు బూజును తినేసే తెల్లకణాలు దాదాపు ఉండవు.

తుని మామిడితోటల్లో కుళ్లే ఆకుల్లో, గడ్డిమేట్లలో, ఇళ్లు పడగొట్టిన దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉంటుంది. దాని బీజాలను రోజూ మనమందరం పీలుస్తూనే ఉంటాం, ఊపిరితిత్తులు ఊడ్చేస్తాయి. మార్పిడి చేయించుకున్నవారిలో అవే మొలిచి రక్తనాళాల్లోకి చొరబడతాయి. అందుకే ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్లు మట్టిపని, పశువుల పాక వద్దంటారు.

అరుదైన వాటిలో విచిత్రమైనది ఫ్యూజేరియం. రావులపాలెం అరటి రైతుకు ఈ కుటుంబం కొత్తేమీ కాదు, పనామా తెగులు తెచ్చేది దీని జాతిదే. మనిషిలో కాలిగోటి పక్క చిన్న పుండు నుంచైనా లోపలికి పోగలదు. ఒంటి మీద నొప్పితో నల్లబడే మచ్చలు దాని ఆనవాలు. ఆస్పర్జిల్లస్ రక్తం కల్చర్ పరీక్షలో పెరగడం బహు అరుదు, ఇది తరచూ పెరుగుతుంది. డాక్టర్లకు దొరికే కాస్త సాయం అదే.

ఇక మ్యూకర్. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ పేరుతో అందరినీ హడలగొట్టింది ఇదే. ఆస్పర్జిల్లస్‌కు మేలైన వొరికొనజోల్ దీన్ని తాకనైనా తాకదు. ఆ మందు వాడుతుండగానే మ్యూకర్ బయటపడిన రోగులున్నారు. అప్పుడు యాంఫోటెరిసిన్ అనే మందుకు మారాలి, చచ్చిన కణజాలాన్ని కోసి తీసేయాలి. బూజును త్వరగా పట్టుకోవాలి కనుకే జ్వరం తగ్గకపోతే డాక్టర్లు ఆగకుండా ఛాతీకి సీటీ స్కాన్ తీయిస్తారు.