కడప జనాభా: లెక్కలో ఉన్నదెవరు, లేనిదెవరు?

కడప ప్రశాంతమైన ఊరు. రాత్రి పది దాటితే ఏడు రోడ్ల కూడలి దగ్గర కూడా సందడి తగ్గిపోతుంది. ఇంతకీ ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారు?

2011 జనాభా లెక్కల ప్రకారం నగరంలో దాదాపు 3.44 లక్షల మంది ఉన్నారు. 2001లో మున్సిపాలిటీ జనాభా 1.25 లక్షలకు కొంచెం పైన. పదేళ్లలో జనం అంతగా పెరిగారా అంటే, కాదు. 2004లో కార్పొరేషన్ చేసినప్పుడు చుట్టుపక్కల ఊళ్లను కలిపారు. అంటే ఎక్కువగా పెరిగింది ఊరి హద్దు.

జనాభాలో మూడో వంతుకు దగ్గరగా ముస్లింలే. అయితే అందరిదీ ఒకే బాష కాదు. చాలా ఇళ్లలో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, దూదేకుల కుటుంబాల్లో తెలుగే ఇంటి భాష. బజారులో మాత్రం అందరిదీ కడప తెలుగే. ఉగాది రోజు ముస్లిం కుటుంబాలు దేవుని కడప గుడికి వెళ్తాయి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు అని వాళ్ల నమ్మకం. అమీన్ పీర్ దర్గాకు అన్ని మతాల వాళ్లూ వస్తారు.

మరి ఊరు ఇంత నిదానంగా ఎందుకుంది? పెద్ద ఫ్యాక్టరీలు లేవు. ప్రభుత్వ ఆఫీసులు, రిమ్స్ ఆస్పత్రి, కాలేజీలు, వ్యాపారం, వీటి మీదే ఊరు నడుస్తోంది. జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలుందేమో చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. శంకుస్థాపనలైతే ఒకటికి రెండుసార్లు జరిగాయి. చదువుకున్న పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ పోతున్నారు. ఇంటి పనికి, డ్రైవర్ పనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు, మగవాళ్లు ఈ జిల్లా నుంచి చాలామంది. ఇక్కడ ఇల్లు కట్టేది, పెళ్లి చేసేది ఆ డబ్బుతోనే. కానీ లెక్కింపు జరిగే రోజులన్నీ విదేశంలోనే ఉన్నవాళ్లను జనాభాలో కలపరు. కాబట్టి డబ్బు పంపే మనిషి లెక్కలోకి రాడు.

2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు. జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో పెట్టారు, ఈసారి కులం కూడా రాస్తామని కేంద్రం ప్రకటించింది. ఇంటికి వచ్చిన ఉద్యోగికి మాతృభాష ఏదని చెప్తారో అదే రికార్డు. ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ, "తెలుగులోనే చదువుకున్నాం కదా" అని తెలుగు అని రాయిస్తే ఉర్దూ వాళ్ల సంఖ్య తగ్గుతుంది. 2022లో ఉర్దూను రాష్ట్రంలో రెండో అధికార భాషగా చేశారు. ఉర్దూ టీచరు కావాలని, ఆఫీసులో ఉర్దూ అర్జీ తీసుకోవాలని రేపు అడగాలంటే చేతిలో ఉండేది ఈ సంఖ్యే. అలాగే దూదేకుల వాళ్లు బీసీ-బీలో ఉన్నారు, ఇంకొన్ని ముస్లిం వర్గాలు బీసీ-ఈలో ఉన్నాయి. కులం అడిగినప్పుడు ఉత్తగా "ముస్లిం" అని ఊరుకోకుండా మీ వర్గం పేరు సరిగ్గా చెప్పండి. రాసింది ఒకసారి చదివి వినిపించమని అడగండి. అడగడంలో తప్పేం లేదు.