సీడీకి రెండు తాళాలు

"సీడీ నాది, కంప్యూటరు ముందు కూర్చున్నదీ నేనే. మధ్యలో అనుమతి ఎవరిదండీ?" లినక్సు కొత్తగా వాడే మిత్రులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. అనుమతి అడగడం కూడా న్యాయమేనని నా వాదన.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు, యూనిక్సు బాటలో నడిచింది. ఒక యంత్రాన్ని పదిమంది వాడుకుంటారన్నది యూనిక్సుకి పునాది. అంచేత ప్రతి ఫైలుకీ యజమాని, గ్రూపు, ఇతరులు అని మూడు తరగతులు. చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. అన్నిటికీ పైన 'రూట్' అనే సర్వాధికారి.

సీడీలోని ఫైళ్లు కనపడాలంటే దాన్ని ముందు డైరెక్టరీల చెట్టుకి తగిలించాలి. ఇదే మౌంట్ చెయ్యడం. మామూలుగా ఇది రూట్ పని. ఎందుకంటారా? నడిపినవాడికి రూట్ అధికారం తెచ్చిపెట్టే 'సెట్‌యూఐడీ' ప్రోగ్రాముని ఎవరైనా సీడీలో పెట్టుకొస్తే యంత్రమంతా వాడి చేతికి చిక్కుతుంది! 'ఎఫ్‌ఎస్‌టాబ్' అనే పట్టికలో ఆ డ్రైవు వరసలో 'యూజర్' అని చేర్చితే మనమూ మౌంట్ చేసుకోవచ్చు. అయితే సీడీలోని ప్రోగ్రాములు నడవవు. మౌంట్ చేసినవాళ్లే దాన్ని తియ్యాలి కూడా.

సీడీ రాయడం వేరే సంగతి. దానికి మౌంట్ అక్కర్లేదు. రాసే ప్రోగ్రాము నేరుగా డ్రైవుకే ఆజ్ఞలు పంపుతుంది. 'డెవ్' డైరెక్టరీలోని 'ఎస్ఆర్0' అనే ఫైలే ఆ డ్రైవు అన్నమాట. డెబియన్‌లో అది 'సీడీరామ్' గ్రూపుది. రూట్ మనల్ని ఆ గ్రూపులో చేర్చాక, ఒకసారి బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయితే రాసే హక్కు వస్తుంది.

ఆ హక్కుకీ హద్దుంది. ఒకప్పుడు చదివే హక్కు మాత్రమే ఉన్నవాడు కూడా డ్రైవు ఫర్మ్‌వేర్‌ని పాడుచేసే ఆజ్ఞ పంపగలిగేవాడు. 2004లో వచ్చిన 2.6.8 కెర్నెల్ ఆజ్ఞల్ని వడగట్టడం మొదలుపెట్టింది. దాంతో అంతవరకు సాఫీగా నడిచిన రాత చాలామందికి ఆగిపోయింది. గగ్గోలు పుట్టినా కారణం సబబైనదే.

సొంత డెస్క్‌టాప్‌లో ఈ అనుమతులు నేడు చాలావరకు వాటంతటవే వస్తాయి. పదిమంది వాడే లాబులో మాత్రం "రూట్ పాస్‌వర్డు చెప్పెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక సీడీ రాసుకోడానికి వచ్చినవాడికి తోటివాళ్ల ప్రాజెక్టులన్నీ చెరిపే అధికారం ఇవ్వడం ఉదారత కాదు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి. ఆ కాస్తా ఇవ్వడానికి మాత్రం వెనకాడకూడదు.