తర్వాత వచ్చేవారి కోసం ఒక మాట

బదిలీ మీద కొత్త ఊరు వెళ్లిన ప్రతిసారీ మనకు ఒకటే కష్టం. మనం చేరేసరికి తరగతిలో సగం పాఠాలు అయిపోయి ఉంటాయి. పక్కవారి నోటుపుస్తకం అడిగి తెచ్చుకుంటాం. అందులో తేదీ, పాఠం పేరు ఉంటే బతికిపోయినట్టే. లేకపోతే ఏ పేజీ ఎక్కడిదో తెలియక తికమక పడతాం.

ఆఫీసులో కొత్తగా చేరిన మన అమ్మానాన్నలదీ ఇదే పరిస్థితి. అక్కడ నోటుపుస్తకంలా పనికివచ్చేవి స్లాక్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ వంటి చాట్ యాప్‌లు.

స్లాక్ పుట్టుక తమాషాగా ఉంటుంది. టైనీ స్పెక్ అనే కంపెనీ 'గ్లిచ్' అనే ఆన్‌లైన్ ఆటను తయారు చేసింది. ఉద్యోగులు వేర్వేరు నగరాల్లో ఉండటంతో, మాట్లాడుకోవడానికి తమకోసం ఒక సాధనం తయారు చేసుకున్నారు. 2012లో ఆట మూతపడింది. ఆ సాధనమే 2014లో స్లాక్‌గా అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఇందులో ఒక్కో పనికి ఒక్కో 'చానెల్' ఉంటుంది. అందరికీ తెరిచి ఉన్న చానెల్‌లో ఎప్పుడు చేరినా పాత సంభాషణ చదవవచ్చు, వెతకవచ్చు. అయితే రాసినవారు సరిగా రాస్తేనే ఆ వెతుకులాట ఫలిస్తుంది. అందుకు కొన్ని పద్ధతులున్నాయి.

ఒక చానెల్‌లో ఆ పని గురించే రాయాలి. ఒక ప్రశ్నకు జవాబును దాని కిందే, 'థ్రెడ్'లో ఇవ్వాలి. అప్పుడు ప్రశ్న ఒకచోట, జవాబు మరోచోట చెదిరిపోవు.

"సర్, ఒక సందేహం" అని రాసి ఆగిపోకూడదు. "సర్, శుక్రవారం ప్రదర్శనకు ఇంకా 4 చార్టులు కావాలి. బుధవారంలోగా ఎవరు తెస్తారు?" అని ఒకేసారి అడగాలి. పని ఎవరిదో వారి పేరునే జోడించాలి. ప్రతిదానికీ అందరినీ పిలిస్తే, నిజంగా అవసరమైనప్పుడు ఎవరూ పట్టించుకోరు.

చర్చ ముగిశాక ఏం నిర్ణయించారో ఒక వాక్యంలో రాసి, దాన్ని 'పిన్' చేయాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం ఎప్పుడూ రాయకూడదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. స్లాక్‌ను ఉచితంగా వాడేవారికి 90 రోజులు దాటిన సందేశాలు కనిపించవు. ముఖ్యమైనవాటిని వేరే ఫైలులో దాచుకోవాలి.

ఇవన్నీ పెద్దల ఆఫీసు సంగతులే కాదు. ప్రాజెక్టు కోసం మనం పెట్టుకునే గ్రూపుల్లోనూ ఇలాగే రాయవచ్చు. వచ్చే ఏడాది మనం ఈ బడిలో ఉంటామో లేదో తెలియదు. మన బెంచీలోకి మాత్రం మనలాగే ఎవరో ఒకరు కొత్తగా వస్తారు. ఎవరినీ అడగనవసరం లేకుండా వారికి పని అర్థమైతే, మనం బాగా రాసినట్టే.