అమ్మ చేతికొచ్చిన కాథెటర్

చిన్నపిల్లలకు మూత్రం తీయడానికి వాడే ఎనిమిదో నంబరు కాథెటర్ గొట్టం మందం 2.7 మిల్లీమీటర్లు దాటదు. నంబరును మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు వస్తాయి. పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసిన షారియెర్ 19వ శతాబ్దంలో పెట్టిన కొలత ఇది. మొద్దుగా నునుపు చేసిన కొన, దానికి కాస్త దిగువన పక్కగా మూత్రం దిగడానికి రంధ్రాలు. ఇంత చిన్న గొట్టం ఎన్ని వేల మంది పిల్లల కిడ్నీలను కాపాడిందో తలుచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

దీని పూర్వీకులు గట్టివాళ్లు. రోమన్ల కాలపు పాంపేయి నగర శిథిలాల్లో కంచు కాథెటర్లు దొరికాయి. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ జబ్బుపడిన అన్న కోసం వెండి ముక్కలను కీళ్లలా కలిపి, వంగే గొట్టం చేయించాడు. రబ్బరును గంధకంతో గట్టిపరచడం తెలిశాక, 1860 ప్రాంతంలో ఫ్రెంచి వైద్యుడు నెలటోన్ మెత్తని కాథెటర్ తెచ్చాడు. 1930లలో అమెరికాలో వైద్యుడు ఫోలీ కొనకు బెలూన్ తగిలించాడు; గొట్టం జారిపోకుండా లోపలే ఉండిపోయింది. అయితే అలా నెలల తరబడి ఉంటే ఇన్ఫెక్షన్లు, రాళ్లు తప్పేవి కావు.

స్పైనా బిఫిడాతో పుట్టిన బిడ్డ సంగతే చూడండి. గర్భం తొలి నెలలోనే వెన్ను సరిగా మూసుకోక నరాలు దెబ్బతింటాయి. మూత్రాశయం నిండిన కబురు మెదడుకు అందదు. చాలామందిలో మూత్రాశయం బిగుసుకునే సమయానికే కింది కండరమూ బిగుసుకుంటుంది. లోపల ఒత్తిడి పెరిగి మూత్రం కిడ్నీల వైపు ఎగదన్నుతుంది. బట్టలు తడవడం ఇంట్లో అందరికీ కనిపిస్తుంది, కిడ్నీ పాడవడం మాత్రం ఎవరికీ కనిపించదు. అందుకే బిడ్డ ఏడవకపోయినా, జ్వరం లేకపోయినా స్కానింగులు, ఒత్తిడి పరీక్షలు వాయిదా వేయకూడదు.

రెండో ప్రపంచయుద్ధంలో వెన్ను విరిగి ఇలాంటి ఇబ్బందే పడిన సైనికులకు ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వైద్యుడు గుట్‌మన్ గొట్టాన్ని లోపల వదిలేయకుండా, వేళకు పెట్టి తీసేయించాడు. అక్కడ సూక్ష్మజీవి అనేది లేకుండా అంతా శుభ్రపరచాలి, పని వైద్య సిబ్బందే చేయాలి. అది ఇంట్లో కుదిరేది కాదు.

ఆ అడ్డు తొలగించింది మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాక్ లాపిడిస్. మూత్రాశయం ఉబ్బిపోతే దాని గోడకు రక్తం సరిగా అందదు, ఇన్ఫెక్షన్‌కు అసలు దారి అదే అన్నాడాయన. వేళకు ఖాళీ చేస్తుంటే, గొట్టం వెంట వెళ్లిన కొద్ది సూక్ష్మజీవులను శరీరమే చూసుకుంటుంది. సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు! 1972లో ఈ మాట ప్రచురించినప్పుడు చాలామంది వైద్యులు నమ్మలేకపోయారు. రోగుల అనుభవమే ఆయన పక్షాన నిలిచింది. కొత్త గొట్టం కనిపెట్టకుండానే, ఉన్న గొట్టాన్ని అమ్మ చేతిలో పెట్టాడు.

నర్సు దగ్గర నేర్చుకున్న తల్లి చేసేది ఇంతే. చేతులు కడుక్కుని, కొనకు జెల్లీ రాసి, మెల్లగా లోపలికి పంపుతుంది. మూత్రం ధార కట్టగానే ఇంకొంచెం తోసి, ఆగేదాకా పట్టుకుని, నెమ్మదిగా వెనక్కి లాగుతుంది. మూడు, నాలుగు గంటలకోసారి చేయాలి. మూత్రాశయాన్ని వదులుచేసే ఆక్సీబ్యుటినిన్ మందు చాలామందికి తోడవుతుంది. ఈ పిల్లల్లో రబ్బరుపాల ఎలర్జీ ఎక్కువ కాబట్టి ప్లాస్టిక్, సిలికాన్ గొట్టాలే వాడాలి. బడి వయసొచ్చాక చాలామంది తామే పెట్టుకోవడం నేర్చుకుంటారు. బడిలో తలుపు గడియపడే శుభ్రమైన మరుగుదొడ్డి ఒక్కటి ఉండాలి.

వీల్‌చైర్‌లో ఉండి కిందికి చేయి అందని పిల్లలకు 1980లో ఫ్రెంచి సర్జన్ మిత్రోఫనోఫ్ ఇంకో దారి చూపాడు. అపెండిక్స్‌నే సన్నని కాలువగా మలిచి మూత్రాశయాన్ని పొట్ట మీది చిన్న రంధ్రానికి కలిపాడు. బొడ్డు దగ్గర చొక్కా కాస్త పైకెత్తితే చాలు, కుర్చీ దిగకుండానే పని అయిపోతుంది.