140 పేజీల తెలుగు ఫైల్‌లో మన ఊరు ఎక్కడుంది? వర్డ్‌లో స్క్రోల్ చేయకుండా వెతకడం ఎలా

షాద్‌నగర్ దగ్గర మా చిన్నాన్నకు కొంచెం భూమి ఉంది. ఒకరోజు వాట్సాప్‌లో 140 పేజీల వర్డ్ ఫైల్ ఒకటి పంపి, వెంటనే ఫోన్ చేశారు. "ఇండ్ల మన సర్వే నంబర్ ఉందో లేదో జర చూసి చెప్పురా. అభ్యంతరాలు చెప్పనీకి నాలుగు దినాలే టైముందట" అన్నారు. సాఫ్ట్‌వేర్ వాడిని కదా, రెండు నిమిషాల పని అనుకున్నా.

కంట్రోల్ + ఎఫ్ కొట్టి సర్వే నంబర్ టైప్ చేశా. పదుల కొద్దీ రిజల్ట్స్ వచ్చాయి. ఎందుకంటే ప్రతి ఊరికీ సర్వే నంబర్లు ఒకటి నుంచే మొదలవుతాయి, అదే నంబర్ చాలా ఊళ్లలో ఉంటుంది. సరే అని "షాద్‌నగర్ మండలం" అని వెతికా. ఒక్కటీ రాలేదు. ఊరి పేరు వెతికా, అదీ లేదు. "మనది లేదు చిన్నాన్నా" అని మెసేజ్ టైప్ చేసి, పంపే ముందు ఎందుకో డౌట్ వచ్చి ఆగాను.

కూర్చుని ఒక్కో పేజీ స్క్రోల్ చేస్తే 87వ పేజీలో దొరికింది. మండలం పేరు ఫరూఖ్‌నగర్ అని ఉంది. మా ఊరి పేరు వేరే స్పెల్లింగ్‌లో ఉంది. మా సర్వే నంబర్ కూడా ఉంది! ఆ మెసేజ్ పంపి ఉంటే నాలుగు రోజులూ అలాగే గడిచిపోయేవి.

అందుకే ఈ ఆర్టికల్. పెద్ద ఫైల్‌లో, ముఖ్యంగా తెలుగు ఫైల్‌లో, సెర్చ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మోసపోతాం. సెర్చ్ ఎందుకు ఫెయిల్ అవుతుందో, దాని బదులు ఏం వాడాలో చూద్దాం.

తెలుగులో సెర్చ్ ఎందుకు తప్పుతుంది?

మొదటి కారణం, పేర్లు. షాద్‌నగర్ టౌన్ ఉన్నది ఫరూఖ్‌నగర్ మండలంలో. రికార్డుల్లో ఆ పేరే ఉంటుంది. పైగా 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చే వరకు మనం మహబూబ్‌నగర్ జిల్లా, ఆ తర్వాత రంగారెడ్డి జిల్లా. పాత ఫైల్‌లో కొత్త జిల్లా పేరు వెతికితే దొరకదు.

రెండోది, కంటికి కనపడని అక్షరం. "షాద్‌నగర్" అని దకు నకు మధ్య గ్యాప్‌తో రాయాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ ఉండాలి. అది లేకపోతే "షాద్నగర్" అని న ఒత్తుగా కిందికి వెళ్తుంది. మనకు రెండూ ఒకటే ఊరు. కంప్యూటర్‌కు మాత్రం మొదటిది 9 క్యారెక్టర్లు, రెండోది 8. పైథాన్‌లో రెండింటినీ పోల్చి చూడండి, ఫాల్స్ అనే వస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ తేడాను పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి. కాబట్టి రెండు రకాలుగానూ వెతకడమే సేఫ్.

మూడోది, మన వ్యాకరణం. "మండలం" అని వెతికితే "మండలానికి", "మండలాలు" రావు. "ఊరు" అని వెతికితే "ఊరికి", "ఊళ్లో" రావు. ఇంగ్లిష్‌లో ఈ సమస్య తక్కువ, మనకు ప్రతి పదంతోనూ ఉంటుంది.

నాలుగోది, పాత ఫాంట్లు. డీటీపీ సెంటర్లలో చాలా ఏళ్లుగా అను లాంటి ఫాంట్లతో టైప్ చేస్తున్నారు. స్క్రీన్ మీద తెలుగు కనపడుతుంది కానీ లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు. అలాంటి ఫైల్‌లో యూనికోడ్‌లో ఏం వెతికినా జీరోనే. చెక్ చేయడం ఈజీ: ఒక లైన్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి గుర్తులు వస్తే అది పాత ఫాంట్. ముందు యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేసుకోవాల్సిందే.

అంటే "నో రిజల్ట్స్" అని వస్తే "ఫైల్‌లో లేదు" అని అర్థం కాదు. "నువ్వు టైప్ చేసినట్టుగా లేదు" అని మాత్రమే అర్థం.

చదివేవాళ్లకు పనికొచ్చే షార్ట్‌కట్లు

కంట్రోల్ + ఎఫ్ కొట్టినప్పుడు ఎడమ పక్కన వచ్చేదాన్ని నావిగేషన్ పేన్ అంటారు. వర్డ్ 2010 నుంచి ఉంది. చాలామంది సెర్చ్ బాక్స్ వరకే వాడతారు. దాని కింద హెడ్డింగ్స్, పేజెస్, రిజల్ట్స్ అని మూడు ట్యాబ్‌లు ఉంటాయి. హెడ్డింగ్స్‌లో ఫైల్ మొత్తం విషయసూచికలా కనపడుతుంది, క్లిక్ చేస్తే నేరుగా అక్కడికే వెళ్తారు. పేజెస్‌లో చిన్న చిన్న పేజీ బొమ్మలు ఉంటాయి. టేబుల్ లేదా మ్యాప్ ఉన్న పేజీని కంటితో పట్టుకోవడానికి బాగుంటుంది.

కంట్రోల్ + జి కొట్టి 87 అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే 87వ పేజీకి వెళ్తారు. +10 అని ఇస్తే పది పేజీలు ముందుకు, -10 అని ఇస్తే వెనక్కి.

షిఫ్ట్ + ఎఫ్5 నాకు బాగా ఇష్టమైనది. చివరగా ఎడిట్ చేసిన చోటికి తీసుకెళ్తుంది. నిన్న సేవ్ చేసి మూసేసిన ఫైల్ ఇవాళ తెరిచి ఇది నొక్కితే ఆపిన చోటికి వెళ్లొచ్చు.

వ్యూ ట్యాబ్‌లో స్ప్లిట్ నొక్కితే ఒకే ఫైల్ పైన ఒక భాగం, కింద ఒక భాగం కనపడుతుంది. పైన టేబుల్ పెట్టుకుని కింద రూల్స్ చదువుకోవచ్చు.

మళ్లీ మళ్లీ వెళ్లాల్సిన చోట ఇన్సర్ట్ ట్యాబ్‌లో బుక్‌మార్క్ పెట్టుకోండి. పేరులో స్పేస్ ఉండకూడదు, అండర్‌స్కోర్ వాడొచ్చు. తర్వాత కంట్రోల్ + జిలో ఆ పేరు సెలెక్ట్ చేస్తే చాలు.

అసలు మందు: హెడ్డింగ్ స్టైల్స్

ఇప్పుడు మీరు అడగొచ్చు, "నా ఫైల్‌లో హెడ్డింగ్స్ ట్యాబ్ ఖాళీగా ఉంది కదా?" అని. చిన్నాన్న పంపిన ఫైల్‌లోనూ ఖాళీయే. టైప్ చేసినవాళ్లు మండలాల పేర్లను బోల్డ్ చేసి, సైజ్ పెంచి వదిలేశారు. మనకు అది హెడ్డింగ్. వర్డ్‌కు మాత్రం అది లావుగా ఉన్న మామూలు లైన్. హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ నుంచి హెడ్డింగ్ 1, హెడ్డింగ్ 2 పెడితేనే వర్డ్‌కు అర్థమవుతుంది. షార్ట్‌కట్ కంట్రోల్ + ఆల్ట్ + 1, 2, 3. తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంటే ఇది పనిచేయకపోవచ్చు, అప్పుడు ఇంగ్లిష్‌కు మారి నొక్కండి.

ప్రాక్టీస్‌కు ఒక మంచి ఫైల్ చెప్తా: 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం. అందులో 12 భాగాలు, 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లు ఉన్నాయి. భాగాలకు, షెడ్యూళ్లకు హెడ్డింగ్ 1, సెక్షన్ల పేర్లకు హెడ్డింగ్ 2 పెట్టండి. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని అని చెప్పే సెక్షన్ 5 కావాలంటే ఒక్క క్లిక్. సెక్షన్ 93 చదువుతుంటే అది 13వ షెడ్యూల్ చూడమంటుంది. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ సాధ్యమా అని పరిశీలించాలన్న మాట ఉన్నది ఆ షెడ్యూల్‌లోనే, ఫైల్ చివర్లో. స్క్రోల్ చేస్తే చేయి నొప్పి పుడుతుంది, పేన్‌లో అయితే ఒక సెకను.

140 పేజీలకు ఒక్కొక్కటిగా స్టైల్ పెట్టాలా? అక్కర్లేదు. ఒక మండలం పేరు మీద కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్ చివర్లో సెలెక్ట్ నొక్కండి. అందులో ఒకే రకం ఫార్మాటింగ్ ఉన్న టెక్స్ట్ మొత్తాన్ని సెలెక్ట్ చేసే ఆప్షన్ ఉంటుంది. అలాంటివన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. ఇప్పుడు హెడ్డింగ్ 1 నొక్కితే అయిపోయింది.

స్టైల్ పెట్టాక తెలుగు ఫాంట్ మారిపోతే భయపడకండి. స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి, మాడిఫైలోకి వెళ్లి, ఫార్మాట్‌లో ఫాంట్ తెరవండి. అక్కడ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అనే బాక్స్ విడిగా ఉంటే, తెలుగు ఫాంట్ అందులో మార్చాలి. చాలామంది పైన ఉన్న బాక్స్ మార్చి, పనిచేయట్లేదు అనుకుంటారు.

హెడ్డింగ్స్ పెట్టాక వచ్చే లాభాలు ఇంకా ఉన్నాయి. రిఫరెన్సెస్ ట్యాబ్‌లో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కితే విషయసూచిక దానంతట అదే తయారవుతుంది. బీటెక్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో చుక్కలు పెట్టి, పేజీ నంబర్లు చేత్తో టైప్ చేసి, చివరి రాత్రి ఒక పేజీ పెరిగితే అన్నీ మళ్లీ దిద్దిన బాధ తెలిసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. పేజీలు మారితే కంట్రోల్ + ఎ, తర్వాత ఎఫ్9. అంతే. నావిగేషన్ పేన్‌లో ఒక హెడ్డింగ్‌ను పట్టుకుని పైకి లాగితే దాని కింద ఉన్న పేజీలన్నీ దానితోపాటే కదులుతాయి.

వర్డ్ లేకపోతే?

గూగుల్ డాక్స్‌లోనూ ఇవే హెడ్డింగ్ స్టైల్స్ ఉంటాయి. ఎడమ పక్కన ఔట్‌లైన్ కనపడుతుంది. ఫోన్ యాప్‌లో మూడు చుక్కల మెనూలో డాక్యుమెంట్ ఔట్‌లైన్ ఉంటుంది. ఫ్రీగా వచ్చే లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఎఫ్5 నొక్కితే నావిగేటర్ తెరుచుకుంటుంది.

ఫైల్‌ను పీడీఎఫ్‌గా పంపాలంటే వర్డ్‌లో సేవ్ యాజ్ దగ్గర పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో హెడ్డింగ్స్‌తో బుక్‌మార్క్స్ తయారుచేయమనే బాక్స్‌కు టిక్ పెట్టండి. ప్రింట్ టు పీడీఎఫ్ వాడితే ఈ బుక్‌మార్క్స్ రావు. ఫోన్‌లో చదివేవాళ్లకు ఈ ఒక్క టిక్ చాలా హెల్ప్ అవుతుంది.

నేను చేసింది కూడా అదే. మండలాలకు హెడ్డింగ్ 1, ఊళ్లకు హెడ్డింగ్ 2 పెట్టి, బుక్‌మార్క్స్‌తో పీడీఎఫ్ చేసి చిన్నాన్నకు పంపా. టీ తాగి వచ్చేంత టైమ్ కూడా పట్టలేదు. ఆయన దాన్ని ఊరి వాట్సాప్ గ్రూప్‌లో వేశారు. "మాది లేదనుకున్నం, ఉంది" అని సాయంత్రానికి ఇంకో ఇద్దరు ఫోన్ చేశారట.

మీ దగ్గరికి ఎవరైనా పెద్ద ఫైల్ పంపి "చూసి చెప్పు" అంటే, సెర్చ్‌లో జీరో చూసి వెంటనే లేదని చెప్పకండి. పేరు ఇంకో రకంగా వెతకండి, హెడ్డింగ్స్ చూడండి, పేజీలు తిప్పండి. ఆ ఫైల్ మీరే తయారుచేస్తుంటే హెడ్డింగ్ స్టైల్స్ పెట్టండి. మీకు పది నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు కానీ అవతల ఎవరికో నాలుగు రోజుల గడువు ఉండొచ్చు.