పసుపు కొమ్ముకు ఆన్‌లైన్ అడ్తి



ఆర్మూరు ప్రాంత పిల్లలకు పసుపు గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు, కమ్మర్‌పల్లి, జక్రాన్‌పల్లి మండలాల్లో వానాకాలం మొదట్లో విత్తనం పెడితే సంక్రాంతి దాటాక తవ్వకాలు మొదలవుతాయి. తవ్వాలి, కొమ్ములు విరవాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టాలి. మనలో చాలామంది తల్లిదండ్రులు ఈ పనులకు కూలికి పోయినవాళ్లే. మా అమ్మ కూడా అందులో ఒకరు. పసుపు చేతికి అంటిన ఇళ్లే మనవి. కానీ ఆ పసుపు ఊరు దాటాక ఎవరు అమ్ముతారు, ఎవరు కొంటారు, మధ్యలో ఎవరికి ఎంత మిగులుతుంది అనే లెక్క మాత్రం మన ఇళ్లకు చేరలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఎం.కాం.లో చదువుకున్న పాఠాన్ని మన ఊరి పంటకు కలిపి, నాకు అర్థమైనంత వరకు ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ రోజుల్లో ఆన్‌లైన్ అమ్మకాల్లో రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తున్నాయి. ఒకటి ఇన్‌ఫ్లుయెన్సర్, రెండవది అఫిలియేట్. తన వీడియోలు, ఫొటోలు, మాటల ద్వారా కొంతమంది నమ్మకం సంపాదించుకున్న మనిషి ఇన్‌ఫ్లుయెన్సర్. తాను పంపిన లింకు ద్వారా సరుకు అమ్ముడుపోతే అందులో కొంత శాతం కమీషన్ తీసుకునే మనిషి అఫిలియేట్. ఒకే మనిషి రెండూ కావచ్చు.

పాత అడ్తి, కొత్త అడ్తి

మాటలు కొత్తవే గాని పని పాతదే. నిజామాబాద్ శ్రద్ధానంద్ గంజ్‌కు పోయి చూడండి. రైతు పసుపు తెచ్చి అడ్తిదారు దగ్గర కుప్ప పోస్తాడు. ఖరీదుదారు వచ్చి కొమ్ము విరిచి చూసి ధర పెడతాడు. దడ్వాయి తూకం వేస్తాడు, హమాలీలు బస్తాలు ఎత్తుతారు. అడ్తిదారు పసుపు పండించలేదు, కొనలేదు. అయినా ఆయనకు కమీషన్ ఎందుకు వస్తున్నది? రైతుకు ఖరీదుదారు తెలియదు, ఖరీదుదారుకు రైతు తెలియదు. ఇద్దరికీ తెలిసిన మనిషి ఆయన ఒక్కడే. ఆ నమ్మకానికే ధర. మన రైతులు ఇక్కడి ధర నచ్చక మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పసుపు తీసుకుపోయిన సందర్భాలు ఉన్నాయి. అక్కడ కూడా మధ్యలో ఒక అడ్తిదారు ఉంటాడు.

ఆన్‌లైన్‌లోనూ ఇదే చిక్కు. బెంగళూరులో ఉన్న ఒక ఇల్లాలు ఫోనులో పసుపు పొడి అని వెతికితే వందల ప్యాకెట్లు కనిపిస్తాయి. ఏది మంచిదో ఆమెకు తెలియదు. తాను రోజూ చూసే వంటల అక్క "నేను ఇది వాడుతున్నాను" అంటే ఆ ప్యాకెట్ కొంటుంది. వంటల అక్క ఇక్కడ అడ్తిదారు అన్నమాట.

పసుపు ధర కోసం మన ప్రాంతం ఎంత పోరాడిందో మీకు తెలుసు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీ చేస్తే వారిలో 170 మందికి పైగా రైతులే. జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబరు 1న ప్రకటించారు, 2025 జనవరి 14న ప్రారంభించారు. నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం 2025 జూన్ 29న మొదలైంది. 2024 మార్చిలో గంజ్‌లో క్వింటా 18 వేల రూపాయలు దాటింది. అయితే ధర ఒక ఏడాది ఎక్కుతుంది, ఇంకో ఏడాది దిగుతుంది. కొమ్ముగా అమ్మితే గంజ్ ధర మీదే ఆధారపడాలి. పొడి చేసి, ప్యాకెట్ కట్టి, నేరుగా తినేవాళ్లకు అమ్మితే కొంత ధర మన చేతిలో ఉంటుంది. అందుకే రైతు సంఘాలు, మహిళా సంఘాలు ఈ దారి తెలుసుకోవాలి.

లింకు ఎలా పని చేస్తుంది?

అమెజాన్ కంపెనీ 1996లోనే అమెరికాలో అఫిలియేట్ పథకం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ కంపెనీ అమ్మకాలు 2013 జూన్‌లో మొదలయ్యాయి. పథకంలో చేరిన ప్రతి మనిషికి ఒక గుర్తు ఇస్తారు. అతను పంపే లింకులో ఆ గుర్తు కలిసి ఉంటుంది. ఎవరైనా ఆ లింకు నొక్కి లోపలికి పోతే ఏ మనిషి పంపాడో కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. ఆ గుర్తుకు గడువు ఉంటుంది. అమెజాన్‌లో మామూలుగా అది 24 గంటలు. గడువులోపల కొంటేనే కమీషన్. సరుకు తిరిగి వస్తే కమీషన్ లేదు. ఏ రకం సరుకుకు ఎంత శాతం అనేది కంపెనీయే నిర్ణయిస్తుంది.

రెండవ పద్ధతిలో అమ్మేవాళ్లే నేరుగా మాట్లాడుకుంటారు. చాలా మార్కెట్‌ప్లేస్‌లు అమ్మకందారుకు సొంత కూపన్ కోడ్ తయారు చేసుకునే వీలు ఇస్తాయి. వంటల అక్కకు ఒక కోడ్, పొలం వీడియోల అన్నకు ఇంకో కోడ్ ఇస్తారు. కొనేవాళ్లకు కొంత తగ్గింపు, చెప్పినవాళ్లకు కొంత కమీషన్. నెలాఖరున ఏ కోడ్ మీద ఎన్ని ప్యాకెట్లు పోయాయో లెక్క తేలిపోతుంది. వీడియో చూసి నోటితో చెప్పుకునే మన జనానికి లింకు కంటే కోడ్ తేలిక. నోటికి వస్తుంది, గుర్తుంటుంది.

మూడవది వాట్సాప్ దారి. 2015లో మొదలైన మీషో ఈ దారిలోనే పెరిగింది. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు వస్తువుల ఫొటోలు తమ గ్రూపుల్లో పెట్టి, ఆర్డర్లు తీసుకుని, పైన కొంత లాభం వేసుకున్నారు. దుకాణం లేదు, పెట్టుబడి లేదు. పరిచయాలే పెట్టుబడి. దుబాయి, మస్కట్‌లలో ఉన్న మన ఊళ్ల అన్నల గ్రూపులు తలచుకుంటే ఈ దారి బలం మనకు తెలుస్తుంది. అయితే వ్యాపారంగా విదేశాలకు పంపాలంటే ఎగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు నమోదు తప్పనిసరి.

ఎవరి మాట నమ్ముతారు?

చూసేవాళ్లు లక్షల్లో ఉంటేనే అమ్మకం జరుగుతుందని చాలామంది అనుకుంటారు. చూసేవాళ్లు వేరు, నమ్మేవాళ్లు వేరు. మన పక్క జిల్లా జగిత్యాలలో, మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టారు. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ అందులో మాట్లాడింది మన ఇళ్లలో మాట్లాడే భాషే. ఆ భాషతోనే ఆమె 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లింది. పెద్ద స్టూడియోలు ఇవ్వలేని నమ్మకం ఒక పల్లె ముఖం ఇచ్చింది.

కాబట్టి పసుపు అమ్మాలనుకునే సంఘం సినిమా ముఖాల కోసం పరుగెత్తనక్కర్లేదు. అయిదు వేల మంది చూసే వంటల అక్క, పచ్చళ్లు పెట్టే పెద్దమ్మ, పసుపు తవ్వకాన్ని, ఉడకబెట్టడాన్ని కళ్లకు కట్టినట్టు చూపించే పిల్లవాడు చాలు. ముగ్గురికి మూడు కోడ్‌లు ఇచ్చి రెండు నెలలు చూడాలి. మొదటిసారి ఎంతమంది కొన్నారన్నది ఒక లెక్క. అదే మనిషి రెండోసారి కొన్నాడా అన్నది అసలు లెక్క. మొదటి ప్యాకెట్ మాట మీద అమ్ముడుపోతుంది, రెండోది సరుకు మీద అమ్ముడుపోతుంది.

కాగితం మీద లెక్క

ఇప్పుడు పలక పట్టుకోండి. అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి, పద్ధతి చూడండి. కిలో పసుపు పొడి ప్యాకెట్ 420 రూపాయలకు అమ్ముతున్నాం. తరుగుతో కలిపి సరుకు 140, మర పట్టించి ప్యాకింగ్ చేయడానికి 35, మార్కెట్‌ప్లేస్ ఫీజు 15 శాతం లెక్కన 63, రవాణా 65, 5 శాతం జీఎస్టీ 20, చెప్పినవాళ్లకు కమీషన్ 10 శాతం లెక్కన 42. మొత్తం 365. మిగిలేది 55 రూపాయలు.

అదే లెక్కన పావుకిలో 105 రూపాయలకు పెడితే? సరుకు 35, ప్యాకింగ్ 12, ఫీజు 16, జీఎస్టీ 5, కమీషన్ 10, రవాణా 45. మొత్తం 123. అంటే ప్యాకెట్‌కు 18 రూపాయల నష్టం. సరుకు నాలుగో వంతు అయినా రవాణా నాలుగో వంతు కాలేదు. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. అందుకే చిన్న ప్యాకెట్లను ఒక్కటిగా కాక, కారం, ధనియాల పొడితో కలిపి ఒకే డబ్బాలో పంపుతారు.

ఇంటికి వచ్చాక డబ్బులు ఇచ్చే పద్ధతిలో వెనక్కి వచ్చే ప్యాకెట్లు కూడా లెక్కలోకి రావాలి. 20 కిలో ప్యాకెట్లు పంపితే రెండు తిరిగి వచ్చాయి అనుకుందాం. పద్దెనిమిదింటి మీద మిగిలింది 990. తిరిగి వచ్చిన ఒక్కోదానికి రానూ పోనూ 130 చొప్పున 260 పోయింది. చేతిలో ఉన్నది 730.

కొందరు యూట్యూబర్లు కమీషన్ వద్దు, వీడియోకు 10 వేలు ఇవ్వండి అంటారు. కమీషన్ లేకపోతే కిలో ప్యాకెట్ మీద మిగిలేది 97. ఆ 10 వేలు తిరిగి రావాలంటే 104 ప్యాకెట్లు పోవాలి. ఆ నమ్మకం ఉంటే ఇవ్వండి. లేకుంటే అమ్మినదాని మీదే కమీషన్ అని చెప్పడం మేలు. అప్పు తెచ్చి ప్రచారానికి పోయకూడదు.

మాటకు చట్టం కూడా ఉంది

డబ్బు తీసుకుని చెప్పే మాటను డబ్బు తీసుకున్నాను అని చెప్పి చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరి 20న దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది ప్రకటన అని వీడియోలోనే, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే స్పష్టంగా తెలియాలి. డబ్బే కాదు, ఉచితంగా వచ్చిన సరుకు, కమీషన్ కూడా ఇందులోకి వస్తాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవారికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

పసుపుతో క్యాన్సర్ నయమవుతుంది, షుగర్ పోతుంది అని ఆన్‌లైన్‌లో చాలామంది చెబుతుంటారు. ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. పసుపు మంచిదే. కానీ మన మాట నమ్మి ఒక రోగి మందు మానేస్తే ఆ పాపం ఏ కమీషన్‌తో తీరుతుంది?

కల్తీ సంగతి కూడా తెలుసుకోవాలి. రంగు కోసం పసుపుకు సీసం కలిసిన లెడ్ క్రోమేట్ పూసేవారు ఉన్నారు. ఇది పిల్లల మెదడుకు విషం. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన మార్కెట్ నమూనాల్లో 47 శాతం పసుపులో ఇది దొరికింది. అక్కడి ప్రభుత్వం, పరిశోధకులు కలిసి ప్రచారం చేసి, దాడులు చేసి, 2021 నాటికి సున్నాకు తెచ్చారు. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం కూడా పసుపు పొడిలో క్రోమేట్ ఉండకూడదు. అందుకే సరుకు గురించి మాట్లాడే ముందు ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, బ్యాచ్ నంబరు, ల్యాబ్ రిపోర్టు చూడాలి. రిపోర్టు చూపించని సరుకుకు మన నోరు ఇవ్వకూడదు.

మనకేమిటి?

హాస్టల్ పిల్లలకు ఈ లెక్కలన్నీ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మనలో చాలామందికి భూమి లేదు. గంజ్‌లో దుకాణం పెట్టే పెట్టుబడి లేదు. తాతల కాలం నుంచి పసుపు పొలంలో మనకు దొరికిన చోటు కూలీది మాత్రమే. ఈ కొత్త బజారులో మొదటిసారి భూమి, దుకాణం అడగని ఒక పని వచ్చింది. చదువు, ఫోను, నాలుగు మాటలు చక్కగా చెప్పే నేర్పు ఉంటే చాలు. మహిళా సంఘానికి ప్యాకెట్ మీద ఏం రాయాలో చెప్పగలం, లెక్క వేసి ఇవ్వగలం, పొలం పనిని వీడియో తీసి చూపించగలం. చిన్న అమ్మకందారులకు ఒక వెసులుబాటు కూడా ఉంది. జీఎస్టీ పరిమితిలోపు ఉన్నవారు 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేకుండానే, పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, సొంత రాష్ట్రం లోపల మార్కెట్‌ప్లేస్‌లలో అమ్ముకోవచ్చు.

కానీ ఒక హెచ్చరిక. ఇదే దారిలో తప్పుడు సరుకు కూడా వస్తుంది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని నటుల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. వాళ్ల కోడ్‌లు, లింకులు పని చేసింది కూడా నేను పైన చెప్పిన పద్ధతిలోనే. యంత్రానికి పసుపు, జూదం తేడా తెలియదు. ఆ తేడా చూడవలసింది మనిషి. మీ ఛానల్‌కు నాలుగు వేల మంది చేరగానే ఎవరో ఫోన్ చేసి, ఒక్క రీల్ పెట్టు తమ్మీ, రేపే డబ్బులు అంటాడు. ఆ నాలుగు వేల మందిలో మీ క్లాస్‌మేట్లు, మీ ఊరి కూలీల పిల్లలు ఉంటారని గుర్తుంచుకోండి.

మాట తప్పిన అడ్తిదారు కుప్ప దగ్గరికి మరుసటి ఏడాది ఎవరూ పోరు. ఆస్తి ఉన్నవాడు ఒకసారి మాట పోగొట్టుకున్నా ఆస్తి మీద బతుకుతాడు. మనకు ఉన్నది మాట ఒక్కటే. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు చదువు పూర్తి చేయండి. సెలవుల్లో మీ ఊరి సంఘం దగ్గరికి పోయి ఒక ప్యాకెట్ లెక్క వేసి చూపించండి. సరుకు మంచిదని మీకు తెలిశాకే, దానిని మీ ఇంట్లో వండుకున్నాకే, పది మందికి చెప్పండి.

– ఎం.కాం., హాస్టల్ పూర్వ విద్యార్థి, ఆర్మూరు